షెఫ్‌షావన్: అప్పుడు తలుపులు మూసిన ఊరు, ఇప్పుడు అతిథులే ఆధారం

ఉత్తర మొరాకోలోని రిఫ్ కొండల్లో, సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది షెఫ్‌షావన్. ఊరి వెనుక రెండు శిఖరాలు కొమ్ముల్లా నిలబడి ఉంటాయి. బెర్బర్ భాషలో కొమ్ములనే అర్థం వచ్చే మాట నుంచే ఈ పేరు పుట్టిందంటారు.

పోర్చుగీసు వాళ్లను అడ్డుకోవడానికి 1471లో అలీ బిన్ రషీద్ ఇక్కడ కోట కట్టించారు. 1492లో గ్రెనడా పతనమయ్యాక స్పెయిన్ వదిలి వచ్చిన ముస్లింలు, యూదులు ఇక్కడ తలదాచుకున్నారు. అలా దెబ్బతిన్న ఊరు కాబట్టే 1920లో స్పెయిన్ సైన్యం వచ్చేదాకా క్రైస్తవులను లోపలికి రానివ్వలేదు.

ఇప్పుడు నీలి గోడలు చూడ్డానికి అన్ని దేశాల వాళ్లూ వస్తున్నారు. ఉన్ని దుప్పట్లు, మేకపాల చీజ్ వాళ్లూ కొంటారు. 2020లో కరోనాకు సరిహద్దులు మూసేస్తే ఆ గిరాకీ ఆగింది. ఒక్క టూరిజాన్నే నమ్ముకున్న ఊళ్లకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.