ఉపమ ఉందని రాస్తే సరిపోదు

సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన కుటుంబాల పిల్లలకు అది ఆసరా. తెలుగు వాచకంలో అలంకారాన్ని గుర్తించి, లక్షణం రాసి, సమన్వయం చేస్తే మార్కులు పడతాయి. ఇంగ్లిష్ తరగతిలో వ్యాసాన్ని విశ్లేషించమన్నప్పుడు అడిగేది వేరు: ఆ అలంకారం ఎవరి మీద, ఏ పని చేస్తోంది? అమెరికాలో ఏపీ (మన ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్షలో ఇలాంటి జవాబుకు 6 మార్కులు. అందులో 4 ఆధారానికి, దానిపై వ్యాఖ్యానానికే.

రెటరిక్ అంటే ఒప్పించే విద్య. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పిన మూడు మాటలే ఇప్పటికీ పునాది. మాట్లాడేవారి మీద కలిగే నమ్మకం ఈథోస్, వినేవారిలో రేగే ఉద్వేగం పేథోస్, వాదనలోని తర్కం లోగోస్. పేథోస్ అంటే కన్నీళ్లేనని చాలామంది అనుకుంటారు. కోపం, భయం, సిగ్గు, గర్వం కూడా అందులోవే.

వీటిని పరీక్షించి చూడటానికి సూరత్‌లో పుట్టిన నర్మద్ (1833–1886) కంటే మంచి ఉదాహరణ దొరకదు. సంఘంగా కూడితే కలిగే లాభాలపై ఆయన ఇరవై నిండకముందే చేసిన ప్రసంగాన్ని గుజరాతీలో తొలి వ్యాసంగా చెబుతారు. పేరూ హోదా లేని కుర్రాడి మాట జనం ఎందుకు వినాలి? ఈథోస్ గురించి అడగాల్సిన ప్రశ్న ఇదే. 1858లో అలంకారాల మీద పుస్తకం రాసిన ఈ మనిషే 1864లో మిత్రులతో కలిసి ‘దాండియో’ పత్రిక పెట్టి సంఘ సంస్కరణకు దిగాడు. దానికి నమూనా అడిసన్, స్టీల్‌ల ‘స్పెక్టేటర్’. పానుగంటి ‘సాక్షి’కీ అదే ప్రేరణ. జంఘాలశాస్త్రి మాటలన్నీ పానుగంటి మాటలేనని రాస్తే మాత్రం తప్పు. రచయిత తొడుక్కున్న ఆ వేషాన్ని పర్సోనా అంటారు.

టోన్ దగ్గర తెలుగువాళ్లు తడబడటం వింతే. ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, వెటకారం, నిలదీత, బతిమాలుట అంటూ ఇన్ని ఛాయలున్న భాష మనది. అయినా జవాబుల్లో ‘నెగెటివ్ టోన్’ అని తేల్చేస్తారు.

ఒక ఊహాత్మక వ్యాసం తీసుకుందాం. పేటలోని తెలుగు బడి మూతపడే పరిస్థితి వచ్చింది. ‘మగ్గం ఆగితే బట్ట ఆగుతుంది, బడి ఆగితే భాష ఆగుతుంది’ అని ఒకరు రాశారు. ‘ఇందులో పారలలిజం ఉంది’ అనేది పేరు చెప్పడం మాత్రమే. మగ్గం ఒక్క పూట ఆగినా కూలి పోతుందని చదివేవారికి ఒంటికి తెలుసు. రెండో సగం అదే తూకంతో వచ్చేసరికి బడి పోవడమూ కూలి పోయినంత నష్టంగా తోస్తుంది. అలా రాస్తే అది విశ్లేషణ.

అదే వాక్యాన్ని కార్పొరేషన్ విద్యాధికారికి పంపితే? ఆయన మగ్గం మీద బతకడం లేదు. అక్కడ కావాల్సింది హాజరు పట్టీ, తరగతివారీగా పిల్లల సంఖ్య, దగ్గరలోని మరో తెలుగు బడి ఎంత దూరమన్న లెక్క.