జింకల చెరుపు, తేలికపాటి తుపాకి: అడవి అంచు రైతులకు తెలియదగిన సంగతులు



నర్సంపేట, ఖానాపురము, కొత్తగూడ, గూడూరు, ములుగు ప్రాంతములలో అడవి అంచున భూములు గల రైతులు వ్రాసికొను దరఖాస్తులు ఈ పంక్తులు వ్రాయువాని బల్లపైకి అనువాదమునకై వచ్చుచుండును. వానిలో తరచుగా కనబడు కోరిక ఒక్కటే. దుప్పులు పెసర చేను మేసిపోయినవి, పందులు మక్క చేను పడగొట్టినవి, కావున తక్కువ వెలకు దొరకునట్టియు, మోయుటకు తేలికయైనట్టియు రైఫిలు ఒకటి ఉంచుకొనుటకు అనుమతి దయచేయవలెనని. ఈ మొరలో న్యాయము లేకపోలేదు. ఆరు నెలల కష్టము రెండు రాత్రులలో నేలపాలగుట కన్నులార చూచినవాడు తుపాకిని తలచుట వింత కాదు. కాని ఆ కోరికలో రెండు పొరపాట్లు కలసియున్నవి. ఒకటి చట్టమునకు సంబంధించినది, రెండవది రైఫిలు అను వస్తువు యొక్క స్వభావమునకు సంబంధించినది. రెండవదానిని ముందు చెప్పెదము. అది తెలిసినచో మొదటిదానికి కారణము చాలవరకు తనంతట తానే తెలియును.

తుపాకులు ముఖ్యముగా రెండు జాతులు. నున్నని గొట్టము గలది ఒకటి. గొట్టము లోపల నాగటి చాళ్ల వలె మెలితిరిగిన చాళ్లు కోయబడినది రెండవది. ఈ చాళ్లు గల దానినే రైఫిలు అందురు. గుండు ఆ చాళ్లలో బొంగరము వలె తిరుగుచు వెలువడుటచేత త్రోవ తప్పక బహుదూరము పోవును. నున్నని గొట్టపు తుపాకిలో నుండి అనేకములగు చిన్న సీసపు గుండ్లు ఒక్కసారిగా వెలువడి, దూరము పోయిన కొలది చెదరి, త్వరలోనే బలము తగ్గి పడిపోవును.

ఇక బోరు మాట. పలువురు రైతులు ఇచ్చటనే చిక్కుపడుచున్నారు. 12 కన్న 315 పెద్ద అంకె గనుక అదియే పెద్ద తుపాకియని తలచి వ్రాసిన దరఖాస్తును నేను స్వయముగా చూచితిని. నున్నని గొట్టపు లెక్క వేరు. ఒక పౌను సీసమును, అనగా సుమారు 454 గ్రాములను, పన్నెండు సమభాగములు చేసి, ఒక భాగమును గుండ్రని ఉండగా పోసినచో, ఆ ఉండ ఏ గొట్టమునకు సరిపడునో అది 12 బోరు. దాని అడ్డుకొలత సుమారు 18.5 మిల్లీమీటర్లు. పదునారు భాగములు చేసిన 16 బోరు, ఇరువది చేసిన 20 బోరు. కావున ఈ లెక్కలో అంకె పెరిగిన కొలది గొట్టము సన్నమగును. రైఫిలు లెక్క అట్లు గాదు. అందు .315 అనగా అంగుళములో వెయ్యింట 315 వంతులు, ఇంచుమించు 8 మిల్లీమీటర్లు మాత్రమే.

ఈ .315 మన దేశములో ప్రసిద్ధమగుటకు ఒక కారణము కలదు. బ్రిటిషువారి సైన్యము 1888 నుండి .303 తూటాను వాడుకలోనికి తెచ్చెను. సైన్యపు తూటాలు దొంగిలింపబడి బయటి తుపాకులలో పనికివచ్చుట దొరతనమునకు ఇష్టము లేదు. కావున ప్రజలకు సైన్యపు కొలత గాని తుపాకులే అమ్ముట జరిగినది. పూర్వము ఆస్ట్రియా సైన్యము వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లికర్ తూటా ఆ విధముగా .315 అను పేర ఇచ్చట వేటతుపాకి కొలతయైనది. బర్మింగ్‌హామ్ నగరపు బి.ఎస్.ఎ. వారు, పిదప మన ఇషాపూరు రైఫిలు ఫ్యాక్టరీవారు దానిని తయారుచేసిరి. ఇది సుమారు మూడున్నర కిలోల బరువు గలది. .30-06 అనునది అమెరికా సైన్యము 1906లో స్వీకరించిన తూటా, అంకెలో 06 ఆ సంవత్సరమునకే గుర్తు. .303, 7.62 మిల్లీమీటర్ల సైన్యపు తూటాలు పట్టు రైఫిళ్లు నేటికిని నిషిద్ధ బోరులే.

దుప్పివంటి జంతువును నూరు గజముల దూరమున పడవేయుటకు .315 చాలునన్నది నిజమే. చిక్కు అందులో లేదు, గురి తప్పిన గుండు ఎక్కడికి పోవునన్నదానిలో నున్నది. ఇట్టి రైఫిలు గుండు అడ్డు లేనిచో రెండు మైళ్లకు మించి పోగలదు. చాల చిన్నదనియు, పిల్లల ఆటవస్తువనియు కొందరు తలచు .22 గుండు సైతము ఒక మైలు పోవును. మన చేలను చూడుడు. చెరువు క్రింది మాగాణి బల్లపరుపు, దాని అంచున తండా, ఆవల ఊరు. రాత్రివేళ పొలము నుండి ప్రేల్చిన రైఫిలు గుండు ఆగుటకు కొండ లేదు, గట్టు లేదు. నున్నని గొట్టపు తుపాకి గుండ్లలో పెద్దవి సైతము రెండు మూడు ఫర్లాంగులలో నేలబడును, ముప్పది నలుబది గజములు దాటిన పిదప వాని పట్టు సడలును. రైఫిలు గొప్పతనమని వేటగాండ్రు దేనిని పొగడుదురో అదియే పొలము కాపలాకు దోషము.

తేలికదనమును గూర్చియు ఒక మాట. ప్రతి తుపాకియు గుండును ముందునకు త్రోయునప్పుడు తాను వెనుకకు తన్నును. అదే తూటాను సగము బరువు గల తుపాకిలో వేసి కాల్చినచో తన్ను వేగము రెట్టింపగును. ఆ తన్నునకు జడిసినవాడు మీట నొక్కునప్పుడే కన్నులు మూసికొనును, గురి చెడును. మోయుటకు తేలిక కావలెనను రైతు రాత్రియంతయు మంచెపైననే కూర్చుండును గదా, అర కిలో తగ్గిన దానికి ఒరుగునది యేమి? మూడు కిలోలకు అటునిటుగా నున్న 12 బోరు ఒంటిగొట్టపు తుపాకి సామాన్యుని భుజమునకు సరిపడును.

ఇక చట్టము సంగతి. మన జిల్లా అడవులు ఒకప్పుడు వేటకు పేరుగన్నవి. 1902లో రాజప్రతినిధి కర్జను ప్రభువు నెక్కొండ వద్ద పులిని కొట్టి, భార్యతో కూడ దాని ప్రక్క నిలిచి తీయించుకొనిన ఛాయాపటము ఇప్పటికిని పుస్తకములలో కనబడును. ఆ దినములు పోయినవి. పాఖాల, ఏటూరునాగారము అడవులు 1952లో అభయారణ్యములైనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట కొన్ని జంతువుల విషయమున లైసెన్సు వేటను మిగిల్చినను, 1991 సవరణతో అదియును తొలగెను. కావున నేడు జింకల వేటకు రైఫిలు అను మాటకే తావు లేదు. కృష్ణజింక మొదటి షెడ్యూలులోనిది. దానిని చంపినవానికి మూడేండ్లకు తక్కువ గాని, ఏడేండ్ల వరకు పోగల ఖైదును, 25,000 రూపాయలకు తగ్గని జుల్మానాయును విధింపబడును. చుక్కల దుప్పియైనను, కణుజైనను, "నా చేను మేసినది" అనుట తనంతట అనుమతి కానేరదు.

అయితే రైతునకు త్రోవయే లేదా? కలదు, కాని ఇరుకైనది. అదే చట్టపు 11వ సెక్షను ప్రకారము, రెండవ షెడ్యూలులోని జంతువు మనుష్యులకో, నిలువు పంటకో చెరుపు చేయుచున్నచో, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని ఆయన అధికారమిచ్చిన అధికారి గాని కారణములు చూపి వ్రాతమూలకముగా దానిని చంపుటకు అనుమతింపవచ్చును. అడవి పంది, మనుబోతు ఈ షెడ్యూలులోనివే. తెలంగాణలో అడవి పందుల విషయమున సర్పంచులకు గౌరవ వార్డెను హోదా నిచ్చి, జాబితాలో చేర్చబడిన తుపాకి నేర్పరులచేతనే ఆ పని చేయింపవలెనని ఉత్తర్వులు వెలువడినవి. ఇట్టి ఉత్తర్వులు కాలానుసారముగా మారుచుండును గనుక ఆయా సంవత్సరపు ఉత్తర్వును రేంజి కచేరిలో చదివించుకొనవలెను. ఇట్లు చంపబడిన జంతువు ప్రభుత్వపు సొత్తు. మాంసము పంచుకొనుట నేరము. ఈ చిన్న సంగతి తెలియక, అనుమతి చేతనుండియు కేసులో చిక్కుకొనువారు కలరు.

కావున తుపాకిని తలచుటకు ముందు, చేను చెరిచినది ఎవరో నిశ్చయింపవలెను. తెల్లవారగనే, పశువులు తిరుగక మునుపే, తడినేల చూడుడు. దుప్పి గిట్టలు రెండు మొనదేరిన ఆకుల వలె అచ్చుపడును. పంది అడుగు మొద్దుగా నుండి, మెత్తని నేలలో వెనుక ప్రక్కలకు రెండు చిన్న గిట్టల గుర్తులు కూడ పడును. దుప్పి లేత చిగుళ్లను త్రుంచి తిని పోవును. పంది మక్క కఱ్ఱను మొదలంట పడవేసి కంకి నమలును, పల్లి చేనును ముట్టెతో దున్నిపోవును. దుప్పి చేసిన చెరుపునకు పంది పేర దరఖాస్తు వ్రాసినచో విచారణకు వచ్చిన అధికారి అడుగులు చూచి తిరిగిపోవును.

పంట కాపలాకు చట్టము ఏ తుపాకి నిచ్చును? 1959 ఆయుధముల చట్టపు 13వ సెక్షను దీనిని స్పష్టముగా చెప్పుచున్నది. నిజమైన పంట రక్షణకై మూతినుండి మందు దట్టించు తుపాకికి, అనగా మనవారు భర్మారు అను దానికి, లైసెన్సు ఈయవచ్చును. అది చాలదని అధికారికి తోచినచో ఇరువది అంగుళములకు తక్కువ గాని నున్నని గొట్టపు తుపాకికి ఈయవచ్చును. రైఫిలు మాట అందు లేదు. దరఖాస్తు కమీషనరేటు ఉన్నచోట పోలీసు కమీషనరునకు, లేనిచోట జిల్లా మేజిస్ట్రేటునకు పెట్టుకొనవలెను. 2016 నిబంధనల ప్రకారము తుపాకిని భద్రముగా వాడుటలో శిక్షణ పొందియుండవలెను. 2019 సవరణ పిదప లైసెన్సు గడువు అయిదేండ్లు, ఒక్కని వద్ద రెండు తుపాకులకు మించరాదు.

భర్మారు వెల తక్కువ. కాని వానకాలపు తడికి దాని నల్లమందు చెమ్మగిలును, టోపీ పేలక మొండికెత్తును. ఒకసారి కాల్చిన పిదప మరల దట్టించుటకు నిమిషము పట్టును. శక్తి గలవారు పాతదైనను మంచి 12 బోరు ఒంటిగొట్టమును లైసెన్సు గల దుకాణములోనే కొనుట మేలు. కొనునప్పుడు తూటా లేదని రెండుసార్లు చూచికొని, గొట్టమును వెలుతురునకు పట్టి లోపల చూడుడు. నొక్కులు, తుప్పు గుంటలు కనబడరాదు. కీలు వదులై గొట్టము కదలుచున్నచో ఊరకిచ్చినను వలదు. గొట్టముపై పాము చర్మము వంటి అలలు కనబడినచో అది ఇనుప తీగెలు చుట్టి అతికిన పాతకాలపు గొట్టము. నేటి పొగలేని మందు తూటా వేసినచో పగిలి చేయి పోవచ్చును. తూటా గది 65 మిల్లీమీటర్లదో 70దో అడుగవలెను. 65 గదిలో 70 తూటా చొప్పించినచో పట్టును, కాని కాల్చినప్పుడు మూతి విప్పుకొనుటకు చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరముగా పెరుగును. తుదకు కుందాను మోచేతి వంపున ఆనించి చూడుడు. వ్రేలు మీటను సుళువుగా అందవలెను. ఊరి కమ్మరి చేసిన నాటు తుపాకి మాటయే వలదు. లైసెన్సు లేని తుపాకికి 2019 నుండి రెండేండ్లకు తగ్గని ఖైదు.

కొన్నేండ్ల క్రిందట మన వైపు ఒక గ్రామపు సంగతి నివేదికగా నా చేతికి వచ్చెను. దానిని తెలుగు చేసినది నేనే. కరెంటు రాత్రివేళ వచ్చు దినములు. మక్క చేనులో మంచెపై కాపలా నున్న రైతు, కఱ్ఱలు కదలిన చప్పుడు విని పందియని కాల్చెను. నీరు మళ్లించుకొనుటకు గట్టు వెంట వచ్చిన మనిషి పడిపోయెను. వాడు కాల్చినవానికి మేనత్త కొడుకు, పొరుగు చేనివాడు. మూడవనాడు ఆసుపత్రిలో మరణించెను. "దీపము వేసి చూడలేదు" అను ఒక్క వాక్యము ఆ వాఙ్మూలములో నాలుగుసార్లు వచ్చెను. కావున చప్పుడుపై కాల్చరాదు. దీపము వేసి జంతువును పూర్తిగా చూచిన పిదపనే, మంచె పైనుండి నేలవైపునకే గురి పెట్టవలెను. తప్పిన గుండ్లను మన్ను పట్టుకొనును. పొరుగువారు నీటికి వచ్చు వేళలు ముందుగా మాటలాడుకొనియుండవలెను.

తుపాకి దొరకలేదని కంచెకు కరెంటు తీగ తగిలించుట మాత్రము ఎన్నడును చేయకుడు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారము వైపు అడవిలో, జంతువులకై పెట్టిన తీగ తగిలి, గాలింపునకు పోయిన గ్రేహౌండ్సు జవాను ఒకరు ప్రాణము విడిచిరి. సౌరశక్తి కంచె వేరు. అది క్షణకాలము మాత్రమే చురుక్కుమనిపించి వదలును, చంపదు. నాలుగైదడుగుల కంచె దుప్పికి అడ్డు కాదు, ఎత్తు చాలవలెను. పందులకైతే పల్లి చేను చుట్టు నాలుగు సాళ్ల కుసుమ, మక్క చేను చుట్టు ఆముదము వేయుడని రాజేంద్రనగరు వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కుసుమ ముండ్లు పందికి గిట్టవు.

మరియొక సంగతి. ఎన్నికలు ప్రకటింపబడగనే సాధారణముగా లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించుమని ఆజ్ఞ వచ్చును. అప్పగించి రశీదు తీసికొనుడు, అందు తుపాకి నంబరు సరిగా వ్రాయబడినదో లేదో అచ్చటనే చూచికొనుడు. మక్క కంకి పాలు పట్టు వేళకు ఆ ఆజ్ఞ వచ్చినచో తుపాకి ఠాణాలోను, పందులు చేనులోను ఉండును. కంచె, కాపలా వంతులు ఆ దినములకు ముందే ఏర్పరచుకొనియుండవలెను.