వేట లేని నెలలలో జాలరి గ్రాసము

లోకమునకు అన్నము పెట్టువాడు రైతు. ఆ యన్నములోనికి కూర సమకూర్చువాడు జాలరి. అయినను మన డెల్టాలో మొదటివానికి గల కాగితములలో సగమైనను రెండవవానికి లేవు. వరద వచ్చి ద్రాక్షారామము చుట్టుపట్ల పొలములు మునిగినప్పుడు రైతునకు పట్టాదారు పుస్తకము కలదు. ఎకరముల లెక్క కలదు. నష్టము వ్రాసికొనుటకు వచ్చు నుద్యోగి కలడు. అదే వరదలో వల కొట్టుకొనిపోయిన జాలరి తనకు నీటిపై పట్టా కలదని యెట్లు చూపగలడు? ఈ బాధ యెట్టిదో కౌలుదారులైన మన సభ్యులకు వేరుగ చెప్పవలసిన పనిలేదు.

మనకు దక్షిణమున కోటిపల్లియొద్ద గౌతమి పారుచున్నది. తూర్పుగా యానాము దాటినచో సముద్రము. నడుమ నంతయు కాలువలు, మురుగు కాలువలు, చెరువులు. ఈ నీళ్ల నాశ్రయించి బ్రదుకు కుటుంబములన్నియు జాలరి కుటుంబములే యైనను, వానికి లభించు నాదరణ యొక్కరీతిగ లేదు.

సముద్రపు వేటకు ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు నిషేధము కలదు. అది చేప గ్రుడ్లు పెట్టు కాలము. మోటారు లేని నాటుపడవలకు ఈ నిషేధము వర్తింపదు. నిలిచిన వేటకు బదులుగా ప్రభుత్వము కుటుంబమునకు పూర్వము 4,000 రూపాయలిచ్చుచుండెను. 2019లో అది 10,000 ఆయెను. 2025 ఏప్రిలులో ‘మత్స్యకార సేవలో’ అను పేర 20,000 చేయబడెను. ఇది మెచ్చదగిన వృద్ధియే. కాని యీ ధనము సముద్రపు వేటవారికే యుద్దేశింపబడినది.

మన కాలువలపై బ్రదుకువాని సంగతి వేరు. దాళ్వా పంట ముగియగానే మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. నీరు తీసిన మొదటి నాళ్లలో మడుగులందు చేప విరివిగ చిక్కును. ధరయు నట్లే పడిపోవును. పిదప కాలువ యెండును, వల గోడకెక్కును. నీరు వదలిన కొలది వారములకే వరదల కాలము వచ్చును. పులస యెదురీదుచు ధవళేశ్వరము ఆనకట్టవరకు వచ్చునది అప్పుడే. ఒక్క చేప వేలాది రూపాయలు పలుకునని పత్రికలు వ్రాయును గాని, ఎర్రనీటి వడిలో దోనె దింపి దానిని పట్టువాని ప్రాణమునకు ధర కట్టినవారు లేరు. పులసయు నానాటికి తగ్గుచున్నది. ఇట్లు కాలువ మూసిన వేళయు, వరద పొంగిన వేళయు ఇతనికి వేట లేదు. నిషేధపు సహాయమును లేదు. 2011లో మన జిల్లా రైతులు గిట్టుబాటు లేదని పంటవిరామము ప్రకటించిరి గదా! ఇతడు ఏటేట ప్రకటింపకయే విరామము పొందుచున్నాడు.

ఆకలి సంగతి యేమనవచ్చును. 2013వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము ననుసరించి కార్డుగల యింట మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము లభించును. 2023 జనవరి మొదలు అది యుచితము. కావున అన్నమునకు కొంత ఆధారము కలదు. కాని జాలరి యింట వేట నిలిచినచో సొమ్ముతోబాటు కూరయు నిలిచిపోవును. సంతకు పోని పరిగెలు, జెల్లలే ఆ యింటి బిడ్డలకు బలము. ముల్లుతో గూడ తినెడి చిన్నచేపలో ఎముకలకు కావలసిన సున్నపు సత్తువ యున్నది. ఉత్త బియ్యములో అది లేదు.

ఇంతకును అసలు నష్టము వేరొకచోట నున్నది. ఆ రెండు నెలలు గడచుటకై జాలరి చేపల వర్తకునియొద్ద సొమ్ము తెచ్చును. వడ్డీ మాట యుండకపోవచ్చును. పట్టిన చేప యావత్తు ఆ వర్తకునికే, అతడు చెప్పిన ధరకే పోయవలయునను కట్టడి మాత్రము తప్పక యుండును. రెండు నెలల లేమి పది నెలల వేటను ముందుగ నమ్మివేయుచున్నది! ధాన్యపు షావుకారు పెట్టుబడికై కళ్లమునందే పంట నప్పగించిన రైతునకు ఇది క్రొత్తకథ కాదు. ఆ బంధము నుండి విడిపించుటకే సహకార సంఘములు పుట్టినవి. 1895లోను, 1897లోను మదరాసు రాజధానిలో వ్యవసాయ బ్యాంకులనుగూర్చి నివేదిక వ్రాసిన ఫ్రెడరిక్ నికల్సను దొరయే పిదప ఆ రాజధాని మత్స్యశాఖకు పునాది వేసెను. రైతు ఋణమును, జాలరి ఋణమును ఒకే మనుష్యుడు విచారించుట కాకతాళీయమని మాకు తోచదు.

బ్రెజిలు దేశమున 1991 మొదలు ఒక యేర్పాటు కలదు. వేట నిషిద్ధమైన నెలలలో చిన్న జాలరికి నెలకొక కనీస వేతనము చెల్లింతురు. సముద్రమునందే గాక నదులలో వేటాడువారికిని అది వర్తించును. మన ప్రభుత్వమును కోరదగినది ఇదియే: కాలువ కట్టిన నెలలను గూడ వేట లేని నెలలుగ లెక్కింపవలయును.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో పేద జాలరి 1,500 రూపాయలు పొదుపు చేసినయెడల ప్రభుత్వములు 3,000 చేర్చి, వేట లేని మూడు నెలలలో మొత్తము 4,500 చెల్లించు నియమము పెట్టబడెను. లోతట్టు జాలరులును ఇందులకర్హులు. మొత్తము చిన్నదే, అయినను వర్తకుని గుమ్మము తొక్కకుండుటకు మొదటి నెల యెట్లో గడచిన చాలును. అదే పథకమున ప్రమాదమరణమునకు 5 లక్షల భీమా కలదు. దాని రుసుము జాలరి చెల్లింప నక్కరలేదు. ఏబదియేండ్లు నిండిన మత్స్యకారులకు 2024 జూలై మొదలు పింఛను నెలకు 4,000. వీనికెల్ల ఆధారము పేరు నమోదగుటయే. వ్రాయనేర్చిన మన సభ్యులు తీరిక వేళ పొరుగు మత్స్యసంఘమునకు పోయి దరఖాస్తులు నింపి యిచ్చిన ఎంతో మేలు.

మన చేతిలో నున్న పని మరియొకటి. ఊరి చెరువు పాటకు వచ్చినప్పుడు ధనవంతుడు హెచ్చుగ పాడిన పంచాయతీకి ఆదాయమని మనమే సంతోషింతుము. 2021లో నెల్లూరు జిల్లాలో చెరువులను బహిరంగపు వేలమునకు పెట్టు ఉత్తర్వు వెలువడగా జాలరులు గోలపెట్టిరి. 2024లో అది రద్దయ్యెను. చెరువు సంఘము చేతిలో నుండినయెడల కాలువ యెండిన నెలలో జాలరికి అదే గాదె. పురుగుమందు డబ్బాలను బోదెలో కడుగుటయు మానవలయును. ఆ నీరు అతని పొలము.

సముద్రము దరి పల్లెల సంఘములకు వేరొక మాట. 1996 నవంబరు 6వ తేదీ తుపానులో వేయిమందికి పైగా చనిపోయిరి. వేటకు పోయి తిరిగి రానివారు అనేకులు. శవము దొరకనిచో, ఏడేండ్లు వార్త లేకున్నగాని మరణించినట్లు చట్టము సామాన్యముగ నెంచదు. అన్నేండ్లు ఆ యిల్లాలికి భీమా ఎవరిత్తురు? కావున పడవ కదలునప్పుడెల్ల ఎవరెవరెక్కిరో, ఏ తేదీన బయలుదేరిరో సంఘపు పుస్తకమున వ్రాసి, ఒడ్డున నుండు ఇరువురిచేత చేవ్రాలు చేయించి యుంచవలయును. అట్టి పుస్తకమునకు అయ్యెడి ఖర్చు ఒక పూట కూర ఖరీదు.