రాత్రి రెండు గంటలకు ఎవరు లేస్తారు?

సంచికకు ఏదైనా రాయమని మీరు అడిగినప్పుడు కవిత రాయాలా, అనుభవం రాయాలా అని ఆలోచించాను. కవిత నా వల్ల కాదు. నాకు అన్నం పెడుతున్న విద్యలో నుంచే ఒక చిన్న సంగతి చెబుతాను. మనం దగ్గర లేనప్పుడు, అనుకున్న టైముకు, కంప్యూటర్ చేత పని చేయించడం ఎలా అన్నదే ఆ సంగతి.

మన హాస్టల్‌లో టైముకు సంబంధించి రెండు రకాల ఏర్పాట్లు ఉంటాయి. మొదటిది నోటీసు బోర్డు మీద అంటించిన టైంటేబుల్. పొద్దున ఐదింటికి గంట, తర్వాత స్టడీ అవర్, ఆ తర్వాత టిఫిన్. ఒక్కసారి అంటిస్తే ఏడాదంతా అదే నడుస్తుంది. రెండోది వాచ్‌మన్‌కు చెప్పుకునే మాట. “తాతా, రేపు నాంపల్లిలో తెల్లవారుజామున రైలుంది, నాలుగింటికి లేపవా” అంటాం. ఆయన లేపుతాడు, అంతటితో ఆ పని అయిపోతుంది. ఎల్లుండి మళ్ళీ వచ్చి లేపడు. యూనిక్స్‌లోనూ, దాని తరహాలో తయారైన లైనక్స్‌లోనూ సరిగ్గా ఈ రెండు ఏర్పాట్లే ఉన్నాయి. టైంటేబుల్ లాంటిది ‘క్రాన్’. వాచ్‌మన్‌కు చెప్పిన మాట లాంటిది ‘యాట్’. ఇక్కడ అన్నీ తెలుగులో రాస్తున్నాను గానీ, కంప్యూటర్ మీద వీటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి. యాట్ అంటే ఏ, టీ అనే రెండు అక్షరాలే.

ఇవి నిన్న మొన్న వచ్చినవి కావు. 1979లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన ఏడో వెర్షన్ యూనిక్స్‌లోనే రెండూ ఉన్నాయి. బెల్ ల్యాబ్స్ పేరు ఎక్కడో విన్నట్టుంది కదూ? 1978లో సి భాష పుస్తకం రాసిన బ్రయాన్ కెర్నిగన్, డెన్నిస్ రిచీ అక్కడివాళ్ళే. కోఠి పాత పుస్తకాల దుకాణాల్లో అట్టలు ఊడిపోయిన ఆ పుస్తకాన్ని మీలో కొందరైనా బేరమాడి ఉంటారు. క్రాన్ అన్న పేరు కాలానికి గ్రీకులో ఉన్న ‘క్రోనోస్’ నుంచి వచ్చింది. తర్వాత 1987లో పాల్ విక్సీ రాసిన క్రాన్ చాలా సిస్టమ్‌లకు పాకింది. ఈనాటి లైనక్స్‌లలో ఎక్కువగా కనబడేవి దాని వారసులే.

ముందు యాట్ సంగతి చూద్దాం. టెర్మినల్‌లో యాట్ అని కొట్టి, పక్కన టైము రాసి ఎంటర్ నొక్కితే, చేయాల్సిన కమాండ్ ఏమిటని అడుగుతుంది. అది రాసి ఎంటర్ నొక్కి, కంట్రోల్, డి కలిపి నొక్కితే సరి. ఒక నంబరూ, పని జరగబోయే తేదీ, టైమూ చూపిస్తుంది. ఇక మనం లాగవుట్ అయి పడుకోవచ్చు. వరసలో ఉన్న పనులు చూడాలంటే ‘ఏటీక్యూ’, వద్దనుకున్న పనిని తీసేయాలంటే ‘ఏటీఆర్ఎం’ అని కొట్టి ఆ పని నంబరు ఇవ్వాలి. టైము చెప్పడంలో యాట్ చాలా సర్దుకుపోతుంది. ‘ఇప్పటి నుంచి 3 గంటలకు’ అన్నా, ‘రేపు’ అన్నా ఇంగ్లీషులో రాస్తే అర్థం చేసుకుంటుంది. ‘టీటైమ్’ అన్నా దానికి తెలుసు. ఆ మాటకు అర్థం సాయంత్రం 4 గంటలు! నాంపల్లి ఇరానీ హోటళ్ళలో కూర్చునేవాళ్ళకు టీ టైము రోజుకు ఒక్కటే అంటే నమ్మరనుకోండి, అది వేరే సంగతి.

ఇదంతా మనకెందుకు అంటారా? నాకు ఎందుకు అవసరమైందో చెబుతాను.

2005లో బీఎస్ఎన్ఎల్ వాళ్ళు డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ తెచ్చారు. మొదట్లో వేగం సెకనుకు 256 కిలోబిట్లు. నెలకు ఇంత డేటా అని లెక్క ఉండేది, దాటితే ప్రతి ఎంబీకి డబ్బులు. అయితే కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంత దించుకున్నా లెక్కలోకి రాదు. నేను అప్పుడు హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు అబిడ్స్‌లో ఒక చిన్న ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేవాణ్ణి. నేర్చుకోవడానికి లైనక్స్ సీడీ కావాలి. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత కంప్యూటర్ పత్రికలతో పాటు సీడీలు దొరికేవి కానీ, గీతలు పడి సగంలో ఆగిపోయేవి. కాబట్టి నెట్ నుంచి దించుకోవడం ఒక్కటే దారి. ఓనర్ మంచివాడు. “రాత్రి ఫ్రీయే కదా, కానీయ్” అన్నాడు. కానీ రాత్రి రెండింటికి ఆఫీసులో ఎవరుంటారు? హాస్టల్ గేటు పదింటికే మూస్తారాయె.

ఆ పని యాట్‌కు అప్పగించాను. రాత్రి 2 గంటలకు ‘డబ్ల్యూగెట్’ అనే కమాండ్‌తో సీడీ ఫైలు దించమని రాసి, మానిటర్ ఒక్కటి ఆపేసి హాస్టల్‌కు వచ్చేశాను.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. 256 కిలోబిట్లంటే సెకనుకు 32 కిలోబైట్లు. సీడీ 700 ఎంబీ. భాగిస్తే 22,400 సెకన్లు, అంటే ఆరుంపావు గంటలకు కాస్త తక్కువ. మనకు ఉన్నది సరిగ్గా ఆరు గంటలు. అంటే అంతా బాగా జరిగినా ఒక్క రాత్రిలో సీడీ పూర్తికాదు. ఈ లెక్క నేను ముందే వేసుకోవలసింది. వేసుకోలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి జరిగింది. ఆ రాత్రి కరెంటు పోయింది. యూపీఎస్ కొద్దిసేపు లాగి చేతులెత్తేసింది. రెండింటికి కంప్యూటర్ ఆన్‌లో లేదు. పొద్దున పదింటికి ఓనర్ వచ్చి మామూలుగా స్విచ్ వేశాడు. యాట్ ఏం చేసిందనుకుంటున్నారు? తన చీటీల పెట్టె చూసుకుంది. రెండింటి పని చేయకుండా మిగిలిపోయి ఉంది. ‘అయ్యో, ఆలస్యమైంది’ అన్నట్టు వెంటనే మొదలుపెట్టింది. సాయంత్రం నేను వెళ్ళేదాకా పట్టపగలు, లెక్కలోకి వచ్చే టైములో, ఎవరికీ కనబడకుండా ఫైలు దిగుతూనే ఉంది. ఆ నెల బిల్లు చూసి ఓనర్ పెద్దగా ఏమీ అనలేదు. కాకపోతే రాత్రిళ్ళు కంప్యూటర్ ఆన్ ఉంచడం మాన్పించాడు. నాకున్న ఒక్క కంప్యూటర్ దారీ అలా కొన్ని నెలలు మూసుకుపోయింది.

యాట్ తప్పేమీ లేదు. వాచ్‌మన్ తాతకు రాత్రి జ్వరమొచ్చి నాలుగింటికి లేపలేకపోయాడనుకోండి. ఏడింటికి వచ్చి లేపితే, రైలు వెళ్ళిపోయిందని ఆయనకేం తెలుసు? ఎందుకు లేపమన్నామో మనం చెప్పలేదు. టైము ఒక్కటే చెప్పాం. క్రాన్ స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ నిమిషానికి కంప్యూటర్ ఆగి ఉంటే ఆ పని పోయినట్టే, మళ్ళీ గుర్తు చేసుకోదు. ఏది మంచిది అంటే పనిని బట్టి ఉంటుంది. బ్యాకప్ అయితే ఆలస్యంగానైనా జరగాలి. నా డౌన్‌లోడ్ అయితే ఆలస్యంగా జరగడం కంటే జరగకపోవడమే మేలు.

తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. కమాండ్‌ను నేరుగా ఇవ్వకుండా ఒక చిన్న స్క్రిప్టు రాసుకోవాలి. ఆ స్క్రిప్టు మొదలవగానే ‘డేట్’ కమాండ్‌తో ఇప్పుడు ఎన్ని గంటలైందో చూసుకుని, 2 నుంచి 8 లోపు కాకపోతే ఊరికే బయటికి వచ్చేయాలి. ఉదయం 7 గంటల 50 నిమిషాలకు డౌన్‌లోడ్‌ను ఆపే పని ఇంకొకటి విడిగా పెట్టాలి. డబ్ల్యూగెట్‌కు పక్కన ‘-సి’ అని చేరిస్తే నిన్న ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది, మళ్ళీ మొదటి నుంచి దించదు. ఇలా రెండు రాత్రుల్లో సీడీ వచ్చేస్తుంది.

రెండు రాత్రులంటే రోజూ యాట్ కొట్టడం ఎందుకు, క్రాన్‌లో పెడితే పోతుంది కదా? నిజమే. ‘క్రాన్‌టాబ్ -ఇ’ అని కొడితే మన సొంత టైంటేబుల్ ఫైలు తెరుచుకుంటుంది. ఒక్కో పనికి ఒక్కో వరస. వరస మొదట్లో ఐదు గడులు ఉంటాయి. నిమిషం, గంట, నెలలో తేదీ, నెల, వారం. ఆ తర్వాత కమాండ్. ఏ గడిలోనైనా * పెడితే ‘ఏదైనా సరే’ అని అర్థం. వారాల్లో ఆదివారం 0, సోమవారం 1. గంటలు రైల్వే టైంటేబుల్ లాగా 24 గంటల లెక్క.

5 2 * * *

అంటే ప్రతిరోజూ రాత్రి 2 గంటల 5 నిమిషాలకు.

30 5 * * 1-6

అంటే సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఐదున్నరకు. మొదటి గడిలో */10 అని, మిగతావన్నీ * పెడితే ప్రతి పది నిమిషాలకు.

ఒక తిరకాసు ఉంది. తేదీ, వారం రెండు గడులూ నింపితే రెండూ కలిసినప్పుడే పని జరుగుతుందని మనం అనుకుంటాం. క్రాన్ అలా అనుకోదు. 0 6 1 * 1 అని రాస్తే, ఒకటో తారీఖున ఒకసారీ, ప్రతి సోమవారం ఒకసారీ పని చేస్తుంది. ఇంకొకటి, ‘-ఇ’ కొట్టబోయి కీబోర్డు మీద దాని పక్కనే ఉన్న ‘-ఆర్’ కొట్టారంటే మీ టైంటేబుల్ మొత్తం ఎగిరిపోతుంది. చాలా సిస్టమ్‌లలో ‘తీసేయమంటారా’ అని కూడా అడగదు. ‘క్రాన్‌టాబ్ -ఎల్’ కొట్టి వచ్చినదాన్ని ఒక ఫైలులో దాచుకోండి.

కొత్తవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న వేరు. “అన్నా, చేత్తో కొడితే నడుస్తోంది, క్రాన్‌లో పెడితే నడవట్లేదు, ఎందుకు?” మనం లాగిన్ అయినప్పుడు మన చుట్టూ కొన్ని అమరికలు ఉంటాయి. ఏ ఫోల్డర్‌లో ఉన్నాం, కమాండ్‌లను ఎక్కడెక్కడ వెతకాలి వగైరా. యాట్ అయితే పని అప్పగించే ముందు వీటిలో చాలావాటిని రాసి పెట్టుకుంటుంది. క్రాన్ పట్టించుకోదు. దాదాపు ఖాళీ గదిలో నిద్రలేచినట్టు లేస్తుంది. అందుకని కమాండ్ పేరైనా, ఫైలు పేరైనా మొదటి నుంచి పూర్తి దారి రాయాలి. ఊరి పేరు, జిల్లా పేరు లేకుండా అబిడ్స్ జీపీఓలో ఉత్తరం వేస్తే ఎక్కడికి చేరుతుంది? శాతం గుర్తు కూడా క్రాన్‌టాబ్‌లో తిన్నగా ఉండదు, దాన్ని కొత్త వరస అనుకుంటుంది. బ్యాకప్ ఫైలు పేరులో తేదీ పెట్టాలని % వాడేవాళ్ళు దాని ముందు \ పెట్టాలి. పని చేసేటప్పుడు వచ్చే మాటలను క్రాన్ ఆ సిస్టమ్‌లోనే ఉన్న మెయిల్‌కు పంపుతుంది. మెయిల్ ఏర్పాటు లేకపోతే అవి మన కంట పడవు. కాబట్టి వరస చివర >> గుర్తు, ఒక ఫైలు పేరు, ఆ తర్వాత 2>&1 రాస్తే, మామూలు మాటలూ, తప్పుల మాటలూ రెండూ ఆ ఫైలులో చేరతాయి. పొద్దున్నే లేచి చూడాల్సింది ఆ ఫైలునే.

అందరూ సున్నా నిమిషాన్నే ఎంచుకుంటారు. పొద్దున ఐదింటి గంట కొట్టగానే బాత్‌రూముల దగ్గర ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. సర్వర్లకూ అదే అవస్థ. 2:00కు బదులు 2:17 పెట్టుకున్నవాడు సుఖంగా స్నానం చేస్తాడు. కంప్యూటర్ బాగా తీరిక దొరికినప్పుడు చేస్తే చాలు అనుకునే పనులకు ‘బ్యాచ్’ అనే కమాండ్ ఉంది. లైనక్స్‌లో మామూలుగా సిస్టమ్ లోడు 1.5 కంటే తగ్గినప్పుడు అది పని మొదలుపెడుతుంది.

ఇదంతా నడిచేది గడియారం మీద. మొజంజాహీ మార్కెట్ గడియారం తప్పితే చూసినవాడు నవ్వుకుని పోతాడు, కంప్యూటర్ గడియారం తప్పితే క్రాన్ దాన్నే నమ్ముతుంది. పాత కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో పాత తేదీ చూపిస్తుంటే, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టు. కోఠి గుజరాతీ గల్లీలో సిఆర్ 2032 అని అడిగితే ఇస్తారు. అద్దెకు తీసుకున్న సర్వర్లయితే తరచు గ్రీనిచ్ టైములో ఉంటాయి, మనం వాటికంటే ఐదున్నర గంటలు ముందు. మనకు ఒకటో తారీఖు తెల్లవారుజామున మూడైనప్పుడు అక్కడ ఇంకా ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నరే. నెల మొదటి రోజు జరగాల్సిన పని పెట్టేటప్పుడు ఇది చూసుకోకపోతే నెలే మారిపోతుంది.

ఇప్పటి లైనక్స్‌లలో సిస్టమ్‌డి టైమర్లు అని ఇంకో పద్ధతి కూడా ఉంది. తప్పిపోయిన పనిని కంప్యూటర్ ఆన్ చేశాక చేయాలా వద్దా అన్నది అందులో మనమే రాసి చెప్పవచ్చు. నా అబిడ్స్ కష్టానికి అది సరైన మందు, చాలా ఆలస్యంగా వచ్చింది. యాట్ ఈ రోజుల్లో చాలా లైనక్స్‌లతో తనంతట తాను రాదు, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

సొంత కంప్యూటర్ లేదని ఆగకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని, అందులో ‘క్రోనీ’ అనే ప్యాకేజీ దించుకుంటే క్రాన్‌టాబ్ వస్తుంది. ‘క్రాన్‌డి’ని ఒకసారి నడిపించి, నిమిషానికోసారి టైమును ఒక ఫైలులో రాసే వరస పెట్టండి. ఫోన్ పక్కన పెట్టి భోజనానికి వెళ్ళి వచ్చాక ఆ ఫైలు తెరిచి చూడండి. మధ్యలో నిమిషాలు ఎగిరిపోయి ఉంటే, ఆండ్రాయిడ్ దాన్ని నిద్రపుచ్చినట్టు. ‘టెర్మక్స్ వేక్ లాక్’ పెట్టి మళ్ళీ ప్రయత్నించండి.