దామెర్ల రామారావు: గురువు గుర్తించిన చేయి

హిందూపురము, అగళి ప్రాంతముల విద్యార్థులలో లేపాక్షి పేరు విననివారుండరు. 16వ శతాబ్దిలో వీరభద్రాలయ మంటపముల పైకప్పున వ్రాసిన చిత్రములను తలయెత్తి చూచి నేటికిని అబ్బురపడుచున్నాము. ఆ యాలయముతోపాటు విరూపణ్ణ పేరు నిలిచినది. కాని ఆ కుంచె పట్టినవారి పేర్లు మనకు తెలియవు. చిత్రకారుని పేరు నిలుచుటకు ప్రతిభ యొక్కటియే చాలదు. దానిని గుర్తించు గురువును, కాపాడు మిత్రులును కావలెను. ఈ రెండు భాగ్యములును లభించినవాడు దామెర్ల రామారావు.

ఆయన 1897 మార్చి 8వ తేదీన గోదావరి తీరమున రాజమహేంద్రవరములో జన్మించెను. బాల్యమునుండియు బొమ్మలయందే మక్కువ. చదువు మాని బొమ్మలు వేయు బాలుని మందలించుటయే లోకరీతి. అచటి ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర అట్లు చేయలేదు. తానును చిత్రకారుడగుటచే ఆ బాలుని చేతిలోని విద్యను కనుగొని, బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు పోవునట్లు ప్రోత్సహించెను. అడివి బాపిరాజు, వరద వెంకటరత్నము గారలును ఈ దొర శిష్యులే.

1916లో బొంబాయి చేరిన రామారావు 1920లో విద్య ముగించెను. అచట నేర్చినది పాశ్చాత్యపద్ధతి. వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు ప్రభృతులు నెలకొల్పినది వేరొక సంప్రదాయము. రామారావు ఈ రెంటిలో దేనికిని దాసుడు కాలేదు. 'నందిపూజ', 'పుష్పాలంకరణము' మొదలగు చిత్రములలో మన స్త్రీల నిలుకడ, కట్టుబొట్టు, ఒయ్యారము రేఖలలో ఒదిగినవి. తూర్పుకనుమల నడుమ సాగు గోదావరిని గూడ ఆయన చిత్రించెను. ఆ నీటియొడ్డున పెరిగిన కంటికి అది పరాయి దృశ్యము కాదు గదా! ఋష్యశృంగుని కథపై వ్రాసిన చిత్రమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున రాజప్రతినిధి బహుమానము లభించెను.

కీర్తితో తృప్తిపడక, తన యూరనే చిత్రకళాశాల నెలకొల్పి నేర్చిన విద్యను పదుగురికి పంచెను. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకర్త్రులైరి. ఇంతలో మశూచి సోకి 1925 ఫిబ్రవరి 6వ తేదీన ఆయన కన్నుమూసెను. అప్పటికి ఇరువదియెనిమిదేండ్లైనను నిండలేదు.

ఆ చిన్న వయసున పోయినవాని చిత్రములు చెల్లాచెదరు కావలసినవే. కాని వరద వెంకటరత్నము మొదలగు మిత్రులు కళాశాలను నిలిపిరి; చిత్రములను భద్రపరచిరి. రాజమహేంద్రవరమున ఆయన పేరనున్న చిత్రశాల వారి స్నేహమునకు ఫలము.

ఉపాధ్యాయ మిత్రులు ఈ జీవితమున గమనింపవలసిన దొకటి కలదు. గణితపు పుస్తకము అంచున బొమ్మ వేయు బాలుడు ప్రతి తరగతిలోను ఒకడుండును. వారందరును రామారావులు కారు. అయినను ఆ పుటను చింపివేయుటకు ముందు ఒక్క క్షణము పరికించి చూడవలెను. కూల్డ్రే దొర చేసిన మేలు అట్టి చూపుతోనే ఆరంభమైనది.