కాలి ఎముకతో కొత్త దవడ - ముఖం పోతుందని ఆపరేషన్ మానవద్దు

బ్రాడీపేట (మా విలేఖరి): ఏ లైనులోకి వెళ్లినా, ఏ అడ్డరోడ్డు తిరిగినా బ్రాడీపేటలో డాక్టరు బోర్డు కనిపించక మానదు. పల్లెల నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన రోగులు వంతు కోసం బల్లల మీద కూర్చుంటారు. బుగ్గకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చే నోటి క్యాన్సర్ రోగికి జబ్బు ఒక్కటే భయం కాదు. దవడ తీసేస్తే నలుగురిలో ముఖం ఎలా చూపించాలన్నదే అసలు దిగులు.

ఆ దిగులుకు కారణం లేకపోలేదు. ఒకప్పుడు దవడ ఎముక తీసేస్తే ఆ చోటు ఖాళీగానే మిగిలేది. గడ్డం పక్కకు ఒరిగేది. మాట ముద్దగా వచ్చేది. చొంగ ఆగేది కాదు. అది చూసినవారు ఆపరేషన్ అంటే జంకి, నాటు మందులతో విలువైన నెలలు పోగొట్టుకునేవారు.

రెండు జట్ల పని

నేడు తీసిన చోట కొత్త దవడ కట్టవచ్చు. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో బరువు మోసేది ప్రధానంగా లావుపాటిదే. బయటివైపు సన్న ఎముకలో రెండు కొసలు ఉంచి, నడిమి భాగం తీసినా మనిషి మళ్లీ నడవగలడు. 1989లో న్యూయార్కు సర్జన్ డేవిడ్ హిడాల్గో ఈ ఎముకతో దవడ కట్టిన తీరును ప్రకటించారు.

ఒక జట్టు క్యాన్సర్ గడ్డను, మెడలోని గ్రంథులను తొలగిస్తుంది. మరో జట్టు కాలి ఎముకను రక్తనాళాలతో సహా తీసి, ముక్కలుగా కోసి, టైటానియం పట్టీతో దవడ ఆకారానికి తెస్తుంది. ఆ నాళాలను మైక్రోస్కోపు కింద, వెంట్రుక కంటే సన్నని దారంతో మెడలోని నాళాలకు కుడతారు. పొద్దున మొదలైన ఆపరేషన్ సాయంత్రానికి గాని ముగియదు. కుట్టిన నాళం మూసుకుపోతే మళ్లీ థియేటరుకు తీసుకుపోవలసి వస్తుంది. అందుకే మొదటి రోజుల్లో రాత్రింబవళ్లు కాపలా. కొన్నాళ్లు ముక్కు గొట్టంతోనే ఆహారం. అవసరమైనవారికి రేడియేషన్, నోరు తెరిచే వ్యాయామాలు తప్పవు.

ఎముక పోకుండా బుగ్గ మాత్రమే దెబ్బతింటే ముంజేతి చర్మం, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనివారికి ఛాతీ కండరం వాడతారు. ముఖం అచ్చంగా మునుపటిలా రాకపోవచ్చు. కానీ నలుగురితో కూర్చుని అన్నం తినే అవకాశం ఉంటుంది.

పుండు ఆగదు

1976లో ఏర్పడిన పొగాకు బోర్డుకు గుంటూరే ప్రధాన కేంద్రం. చేలో కూడు పెట్టిన ఆ ఆకే చుట్టగా, ఖైనీగా, గుట్కాగా నోటిని తినేస్తోంది. మూడు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. తొందరగా వస్తే తీయవలసిన ఎముకా తక్కువే. అసలు ఎముక దాకా పోకుండానే గట్టెక్కవచ్చు.