షట్టర్ బటన్ అతుక్కుపోయిందా? పాత డిజిటల్ కెమెరాను పారేసే ముందు ఇవి చూడండి.. ఆ ఒక్క పొరపాటు మాత్రం వద్దు!

నల్లగండ్ల: బీరువా పై అరలోనో, టీవీ కింద సొరుగులోనో ఓ పాత డిజిటల్ కెమెరా.. నల్లగండ్ల, తెల్లాపూర్, గోపనపల్లి వైపు అపార్ట్‌మెంట్లలో చాలా ఇళ్లలో ఉండే వస్తువే. ఐటీ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నదో, అమెరికా నుంచి బావగారు తెచ్చిందో అయ్యుంటుంది. స్మార్ట్‌ఫోన్ వచ్చాక మూలన పడింది. ఇప్పుడు పిల్లలు 'ఆ పాత లుక్కే కావాలి' అంటూ రీల్స్ కోసం మళ్లీ బయటికి తీస్తున్నారు. ఈ క్రేజ్ ఎంతదాకా వెళ్లిందంటే, 2016 నాటి ఓ చిన్న కెమెరాను కానన్ కంపెనీ స్వల్ప మార్పులతో 2025లో మళ్లీ తీసుకొచ్చింది.

తీరా ఛార్జింగ్ పెట్టి ఆన్ చేస్తే.. షట్టర్ బటన్ లోపలికి వెళ్తుంది, పైకి రాదు! లేదంటే ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఇంతకీ ఎందుకిలా?

షట్టర్ బటన్ రెండు దశల్లో పనిచేస్తుంది. సగం నొక్కితే ఫోకస్ తీసుకుంటుంది, పూర్తిగా నొక్కితే ఫొటో పడుతుంది. బటన్ చుట్టూ ఉండే సన్నటి సందులోకి ఏళ్ల తరబడి చేతి చెమట, జిడ్డు, దుమ్ము చేరి బంకలా గట్టిపడతాయి. నల్లగండ్ల చుట్టుపక్కల నడుస్తున్న కన్‌స్ట్రక్షన్ల దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు కదా. బర్త్‌డే పార్టీలో ఒలికిన కూల్‌డ్రింక్ అయితే మరీ మొండి. నీళ్లు ఆరిపోతాయి, చక్కెర మిగిలిపోతుంది.

ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. బటన్ పైకీ కిందికీ బాగానే కదులుతోంది, కానీ సగం నొక్కినా ఫోకస్ తీసుకోవట్లేదంటే లోపలి కాంటాక్టులు తుప్పు పట్టి ఉండొచ్చు. అది ఇంట్లో తేలే పని కాదు. బటన్ బరువుగా కదులుతున్నా, నొక్కినచోటే ఆగిపోతున్నా.. అది జిడ్డు సమస్య కావచ్చు. దానికి మాత్రం ఇంట్లోనే ప్రయత్నించొచ్చు.

ఇలా చేయండి

కెమెరా ఆఫ్ చేసి బ్యాటరీ, మెమరీ కార్డు తీసేయండి. బటన్ కిందివైపు ఉండేలా కెమెరాను తిప్పి పట్టుకోండి. తడి లోపలికి జారకుండా ఉండాలంటే ఇదే కీలకం. మెత్తటి బ్రష్‌తో, చేత్తో నొక్కే గాలి బ్లోయర్‌తో దుమ్ము దులపండి. చెక్క టూత్‌పిక్‌తో సందు చుట్టూ మెల్లగా గీకండి. గుండుసూది వద్దు, గీతలు పడతాయి.

తర్వాత 90 శాతానికి పైగా గాఢత ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఇయర్‌బడ్‌కు కాస్త అద్ది, బటన్ అంచుల వెంట తిప్పుతూ ఓ 20, 30 సార్లు నొక్కి వదలండి. బడ్ నల్లబడితే మార్చి మళ్లీ చేయండి. రాత్రంతా ఆరనిచ్చాకే బ్యాటరీ పెట్టాలి. మొదటిసారికే వదలకపోవచ్చు, రెండు మూడు రోజులు పట్టినా కంగారు పడొద్దు.

శానిటైజర్ జెల్ వాడితే కొత్త బంక తయారవుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కొబ్బరినూనె, కుట్టు మిషన్ నూనె వేస్తే ఆ రోజుకి బటన్ హాయిగా కదులుతుంది కానీ, తర్వాత దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. ఇక బియ్యం డబ్బాలో పెట్టడం అంటారా.. ఆ పిండి కూడా లోపలికే పోతుంది.

స్క్రూలు విప్పితే డేంజర్!

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. జేబులో పట్టే కెమెరాలోనూ ఫ్లాష్ కోసం ఓ కెపాసిటర్ ఉంటుంది. అందులో సుమారు 300 వోల్టుల ఛార్జ్ నిల్వ ఉండొచ్చు. బ్యాటరీ తీసేసినా అది వెంటనే పోదు. తెలియక వేలు తగిలితే గట్టిగా షాక్ కొడుతుంది. బ్యాటరీ ఉబ్బి ఇరుక్కుపోయినా అంతే, పొడిచి లాగొద్దు. రిపేర్ తెలిసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

బాగు చేయించాలంటే లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి నాంపల్లిలో దిగితే, అక్కడి నుంచి ఆటోలో కోఠి దగ్గరే. ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు పేరున్న గుజరాతీ గల్లీ వైపు అడిగి చూడండి. అయితే విప్పకముందే ఖర్చు ఎంతో మాట్లాడుకోవాలి. పాత కెమెరా ధర కన్నా కూలీ ఎక్కువైతే లాభం లేదు. కొన్ని బ్రాండ్లకు స్పేర్ పార్టులు దొరకడమూ కష్టమే. కాసియో కంపెనీ 2018లోనే కాంపాక్ట్ కెమెరాల నుంచి తప్పుకుంది. కంపెనీల రిపేర్ వివరాల కోసం కేంద్రం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. సర్వీస్‌లో మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

ఒకవేళ బటన్ బాగవ్వకపోయినా కెమెరాను వెంటనే పాత సామాన్లలో వేయొద్దు. ఆన్ అయితే చాలు, యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఫొటోలు తీసుకోవచ్చు. కార్డు లేదని కూడా వదిలేయకండి. చాలా కాంపాక్ట్ కెమెరాల్లో కొద్దిపాటి ఇంటర్నల్ మెమరీ ఉంటుంది. కార్డు పెట్టడం మరిచిపోయిన రోజు తీసిన ఫొటోలు అందులోనే పడి ఉంటాయి. పాప మొదటి పుట్టినరోజువో, ఇప్పుడు లేని తాతయ్యవో!